కడప కైఫియత్తులకు దారిబత్తెము నిచ్చిన దెవరు?

కడప మండలమందలి పోరుమామిళ్ళ చెఱువునొద్ద రెండు శిలాఫలకములు కలవు. శక సంవత్సరము 1291, అనగా క్రీస్తుశకము 1369లో, బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు అనంతరాజసాగరమను ఆ చెఱువును కట్టించి వేయించిన సంస్కృత శాసనము వానిపై నున్నది. చెఱువునకు కావలసిన పన్నెండు అంగములును, రాకూడని ఆఱు దోషములును అందు చెప్పబడినవి. కట్టపనికి నిత్యము వేయిమంది కూలివాండ్రును, రాయి తోలుటకు నూఱు బండ్లును, రెండు సంవత్సరముల కాలమును పట్టినవని కూడ నున్నది. నీటివిలువ నెఱిగిన సీమ గనుక దాని వెచ్చమును ఎవరును దాచలేదు.

ఆ శాసనపాఠమును చూచినప్పుడెల్ల మాకొక సందేహము కలుగుచుండును. చెఱువు కట్టుటకైన వ్యయము రాతిమీదనే యున్నది. అట్టి రాళ్ళను వెదకుచు ఊరూర తిరిగి, అక్షరమక్షరము నకలు చేసికొని, కరణము నడిగి ఊరి కథను వ్రాసికొన్నవానికి కూడు పెట్టిన దెవరు? పండితులు కూడి స్థాపించుకొన్న సభలు కొన్ని ఆ కాలముననే వెలసినవి గదా, అవి తమవారి పరిశోధనకు, ప్రయాణములకు ఏమిచ్చినవి? కర్నూలు, కడప మండలముల మేరకు ఈ లెక్కను కొంత విప్పి చూతము.

మొదటి పద్దు శ్రీశైలముది. 1794లో కాలిన్ మెకంజీ అను కుంఫిణీ సైన్యపు ఇంజనీరు శ్రీశైలమెక్కెను. అప్పటికాతడు నిజాము కొలువునకు తోడుగానున్న ఇంగ్లీషు పటాలముతో దక్కనులో తిరుగుచు దారులను, కనుమలను పటములకెక్కించుచుండెను. శ్రీశైలము నాడు కందనవోలు నవాబుల యేలుబడిలోనిది. దేవాలయ ప్రాకారముపై వరుసలుగా చెక్కిన శిల్పములను చూచి అతడు దినచర్యలో విపులముగా వ్రాసికొనెను. ఆ దినచర్యనుండి తీసిన భాగము 1798లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీవారి గ్రంథమాల యైదవ సంపుటమున అచ్చుపడినది. ఆ సభ 1784లో సర్ విలియం జోన్సు స్థాపించినది. విశేషమేమనగా, శ్రీశైలమునకు మెకంజీని పంపినది సభ కాదు. దారిఖర్చు పటాలముది, కుతూహలము మెకంజీది, సభ యిచ్చినది కొన్ని పుటలు మాత్రమే. అయినను ఆ పుటలను తక్కువగా చూడరాదు. అవి లేకున్నచో ఆ దినచర్య ఏ పెట్టెలోనో చెదలపాలై యుండెడిది.

ఆ కాలపు సభల పద్ధతి సాధారణముగా నిట్లే యుండెను. సభ్యులు చందా కట్టుదురు. చందాసొమ్ముతో ఒక మందిరము, ఒక గ్రంథాలయము, ఒక పత్రిక నడచును. సభ్యుడు దొరతనపు పనిమీద ఎక్కడికో పోవును, పోయినచోట కంటబడినదానిని వ్రాసి పంపును. మదరాసులో 1812లో ఏర్పడిన లిటరరీ సొసైటీయు ఆ త్రోవనే నడచినది. కావున సభ్యత్వమున్నవానికి ముందే ఒక ఉద్యోగమును, ఒక గుఱ్ఱమును, ఒక డేరాయును ఉండవలెను. అవి లేనివానికి ఏ దారియు లేదు. ఇంతకును కలకత్తా సభలో భారతీయులను సభ్యులుగా చేర్చుకొనుటయే 1829లో మొదలయ్యెను.

1800లో నిజాము తుంగభద్రకు దిగువనున్న మండలములను కుంఫిణీకి వదలుకొనెను. బళ్ళారి, అనంతపురము, కడప, కర్నూలులో కొంతభాగము ఇందు చేరినవి. వీనినే దత్తమండలములనిరి. ఈ పేరు మాకు చాలకాలము గ్రుచ్చుకొనుచుండగా, 1928లో నంద్యాలలో జరిగిన సభయందు చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యను పేరు సూచించిరి. కర్నూలు పట్టణము మాత్రము 1839 వఱకును నవాబులచేతిలోనే యుండెను. దత్తమండలములకు మొదటి ప్రధాన కలెక్టరు తామస్ మన్రో. పాళెగాండ్ర నణచి, భూములను కొలిపించి, శిస్తులు కట్టించిన దొర. మైసూరు సర్వే ముగించిన మెకంజీ అతని వెనుక ఈ సీమ కొలతకు వచ్చెను. 1815 నాటికి ఆ పని ముగిసినది.

దొరతనమువారు సర్వేకు జీతములిచ్చిరి. పటము గీయుటకు కొలతవాండ్రు, గొలుసువాండ్రు, లేఖకులు లెక్కలో కలరు. గ్రామచరిత్రలను సేకరించుటకు మాత్రము ఆ లెక్క చాలలేదు. ఆ పనికై నియమించిన పండితులకు, గుమాస్తాలకు అగు వ్యయములో పెద్దభాగమును మెకంజీ తన జీతమునుండియే పెట్టుకొనెను. అతనికి మన భాషలు రావు. ఆ మాట అతడే మిత్రుడగు అలెగ్జాండర్ జాన్‌స్టనుకు 1817లో వ్రాసిన లేఖలో ఒప్పుకొని, తనకు ఈ దేశవిద్యల వాకిలి తెఱచినవాడు ఏలూరివాడగు కావలి వెంకట బొఱ్ఱయ్య యని చెప్పెను. బొఱ్ఱయ్య 1803లో చిన్నవయసుననే గతించెను. ఆ బరువు తమ్ముడు లక్ష్మయ్యపై పడినది.

లక్ష్మయ్య కట్టిన పద్ధతి ముచ్చటైనది. అతడు మదరాసులో నుండును. అతనిచేతిక్రింద నారాయణరావు మొదలగువారు జిల్లాలలో తిరుగుదురు. తాసీల్దారులకు దొరగారి సిఫారసు చీటి చూపి, ఊరిలో బస చేసి, కరణమును పిలిపించి, కవిలెకట్టలు విప్పించి, గుడి యెవరు కట్టిరి, చెఱువు ఎవరు త్రవ్వించిరి, మాన్యము లెవరెవరివి, ఏ పాళెగాడు ఏ యేట దోచెను అని అడిగి వ్రాసికొందురు. ఆ వ్రాతయే కైఫియత్తు. నెలనెలకును తాము ఏ యూళ్ళు తిరిగినది, ఏమి సంపాదించినది లక్ష్మయ్యకు తెలుపవలెను. నేటి పరిశోధనసంస్థలు గ్రాంటు పుచ్చుకొన్నవానిని అడుగు నివేదికకును దీనికిని పెద్ద భేదము మాకు కనబడదు. తీరు అదే, కాలమే వేఱు.

గుమాస్తాకు వచ్చిన చిక్కు జీతముకంటె పెద్దది. మన్రో కొలత గుండ నలిగిన ఊళ్ళు అవి. పటముగొలుసు వెంట వచ్చినవాడెవడైనను శిస్తు పెంచుటకే వచ్చినాడని కాపులు తలచిరి. పాతపత్రములు చూపినచో మాన్యము ఊడునేమోయని కరణములు జంకిరి. కవిలె చెదలు తినినదనిరి, తురకల దండులో కాలిపోయినదనిరి. కొన్ని నిజముగనే కాలినవి, కొన్ని అటకలమీద భద్రముగ నుండెను. అట్టి తలుపులను తెఱపించుటకు వాక్చాతుర్యము కావలెను, దినములు కావలెను, ఊరివారికి ఇచ్చుకొను చిన్న చిన్న బహుమానములు కావలెను. ఇవి ఏ సర్కారు పద్దులోను సులభముగా ఇమడవు.

ఈ విధముగ చేరిన భాండారమెంత? 1821లో మెకంజీ కలకత్తాలో మరణించిన తరువాత ఆసియాటిక్ సొసైటీ కార్యదర్శియగు హోరేస్ హేమన్ విల్సను లెక్క కట్టి, 1828లో రెండు సంపుటముల పట్టికను ప్రకటించెను. వ్రాతప్రతులు 1,568, గ్రామాది చరిత్రలు 2,070, శాసనముల నకళ్ళు 8,076, నాణెములు 6,218, చిత్తరువులు 2,630. దీనికంతకును మెకంజీకి 15,000 పౌనులకు పైగా చెల్లినదని జాన్‌స్టను చెప్పియున్నాడు. కుంఫిణీవారు అతని భార్యకు 10,000 పౌనులిచ్చి కొనిరి. అనగా పరిశోధనకు ముందుగా పెట్టుబడి పెట్టినవాడు పరిశోధకుడు, తరువాత తగ్గింపుధరకు కొన్నది సర్కారు. సభ చేసినది పట్టిక వ్రాయుట. విల్సను కష్టమును మేము కొట్టివేయము, ఆ పట్టిక లేనిదే నేటికిని ఆ కట్టలలో త్రోవ దొరకదు. కాని పట్టిక వ్రాసినవాని పేరు ముఖపత్రముపై నున్నది, కవిలెలు విప్పించినవారి పేర్లు లోపలి పుటలలో వెదకికొనవలసి యున్నవి.

ఇప్పుడు ఈ కథలో మాకు ముల్లువలె నాటుకొన్న ఘట్టము వచ్చుచున్నది.

మెకంజీ పోయిన తరువాత దక్షిణభాషల కట్టలు చాలభాగము మదరాసుకు చేరి, లిటరరీ సొసైటీవారి అధీనమున నుండెను. లక్ష్మయ్య ఇంకను బ్రదికియుండెను. ఊరూర గుమాస్తాలను నడిపిన అనుభవము అతనికి తప్ప మఱియొకరికి లేదు. అతడు మదరాసులో హిందూ లిటరరీ సొసైటీ యను సభను నిలిపి దాని కధ్యక్షుడుగా నుండెను. మన దేశస్థులు తామై యిట్టి పనికి సభ కట్టుకొనుట దక్షిణమున ఇదియే తొలిప్రయత్నములలో నొకటి. 1830 తరువాతి యేండ్లలో అతడొక మనవి చేసికొనెను. ఆగిపోయిన సేకరణమును మరల సాగింపవలెననియు, అందులకు సర్కారు సొమ్ము కావలెననియు ఆ మనవి సారాంశము. మదరాసు లిటరరీ సొసైటీవారు దానిని మన్నించి పైకి పంపిరి. మదరాసు గవర్నమెంటువారు కలకత్తాకు పంపిరి. కలకత్తావారు ఆసియాటిక్ సొసైటీ అభిప్రాయమడిగిరి. ఒక కాగితమునకు ఇన్ని మెట్లు!

1836లో సభవారి సమాధానము వచ్చినది. నాటి కార్యదర్శి జేమ్సు ప్రిన్సెపు. ఇంతటి పనిని నడుపుటకు పైనుండి ఏలగల గొప్ప మేధ యొకటి యుండవలెననియు, లక్ష్మయ్య యెంత తెలివిగలవాడైనను అంతటివాడు కాడనియు వారు తలచిరి. క్రొత్తగా పోగు చేయుటకంటె ఉన్న కట్టలను పరిశీలించుట మేలనియు, అందులకు మదరాసులోనున్న విలియం టైలరు అను క్రైస్తవ బోధకుడు తగినవాడనియు సూచించిరి. టైలరు ఆ పని స్వీకరించెను. అతని నివేదికలు 1838 మొదలు లిటరరీ సొసైటీ పత్రికలో వెలువడినవి, తరువాత 1857–1862 నడుమ మూడు సంపుటముల పట్టికయు వచ్చినది.

న్యాయముగ మాటలాడవలెనన్నచో ప్రిన్సెపు వాదములో కొంత పస కలదు. చెదలు పట్టుచున్న కట్టలుండగా క్రొత్తకట్టలెందులకు అని ఏ గృహస్థుడైనను అడుగును. ప్రిన్సెపు సామాన్యుడును కాడు; మఱుసటి యేడే అశోకుని బ్రాహ్మీలిపిని చదివి దేశచరిత్రకు తాళము తీసినవాడు. కాని సభవారు కట్టల నెవరు చదువవలెనను ప్రశ్నతో ఆగక, ఊరి కరణము నోరు తెఱపించినవానిని అర్హుడు కాడనిరి. మదరాసు సభలోనివారు లక్ష్మయ్యను ప్రత్యక్షముగా నెఱిగినవారు, వారు కాదనలేదు. ఎఱుగనివారు కాదనిరి. ఆ పదియిరువదియేండ్లలో మా సీమయందు ఎన్ని కవిలెలు నిజముగనే చెదలపాలైనవో లెక్క చెప్పగలవాడెవడు? మెకంజీ గుమాస్తాల ప్రశ్నలకు ఉత్తరమిచ్చిన వృద్ధులు ఒక్కొక్కరే పోయిరి. చదువవలసినవి పుస్తకశాలలో మిగిలినవి, అడుగవలసినవి ఊళ్ళలో అణగిపోయినవి.

ఇంచుమించు ఆ కాలముననే కడపలో వేఱొక పద్ధతి నడచెను. చార్లెసు ఫిలిప్ బ్రౌను 1820లో కడప కలెక్టరుకు సహాయకుడుగా వచ్చి తెలుగు నేర్వ మొదలిడెను. మధ్యలో ఇతర మండలములు తిరిగి 1826లో మరల కడపకే వచ్చెను. అచట బంగళా కొని పండితులకు నెలవు కల్పించెను. అయోధ్యాపురం కృష్ణారెడ్డిగారు దానిని కనిపెట్టుకొని యుండిరి. ఒక్కొక్క కావ్యమునకు దొరికినన్ని ప్రతులు తెప్పించుట, వానిని ఎదురెదురుగ నుంచి పాఠము సరిచూచుట, శుద్ధప్రతి వ్రాయించుట, వ్యాఖ్య చేయించుట, ఇదే అచటి నిత్యకృత్యము. జనులు దానిని బ్రౌను కాలేజీయని పిలిచిరి. దానికి నిధి యెవరిచ్చిరి? బ్రౌను జీతమే నిధి. జీతము చాలనప్పుడు అప్పు. అప్పులవారి పోరు అతనిని చాలకాలము వెన్నాడినది. ఇంటి లెక్కల నెఱిగిన గృహిణులు దీనిని సమర్థింతురో లేదో గాని, తెలుగువారికి మాత్రము ఇది లాభమైన అప్పు.

సభ బ్రౌనుకు ఏమిచ్చెను? మదరాసు లిటరరీ సొసైటీ పత్రికలో తెలుగు భాషావాఙ్మయములను గూర్చిన అతని వ్యాసమునకు 1839లో చోటు దొరకినది. అతడు సభకు ఏమిచ్చెనని అడిగినచో తూకము తలక్రిందులగును. తాను కూర్చిన వ్రాతప్రతులను సభ గ్రంథాలయమునకు దానము చేసెను. 1835–1838 నడుమ లండనులో నున్నప్పుడు కుంఫిణీవారి పుస్తకశాలలో మూలబడియున్న దక్షిణభాషల వ్రాతప్రతులను గుర్తించి మదరాసుకు రప్పించుటకు కారకుడయ్యెను. శిథిలమగుచున్న మెకంజీ కట్టలను తిరిగి వ్రాయించెను. ఆ ప్రతులే నేడు లోకల్ రికార్డ్సు అను పేర ప్రసిద్ధములు. కడప కైఫియత్తులు మనదాక వచ్చుటకు ఆ నకళ్ళు ముఖ్యకారణము. అన్నియు కాలక్రమమున మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునకు చేరినవి.

మఱి సభామాట చెల్లినప్పుడు సొమ్ము ఎట్లు కదలునో చూడవలెనన్న నాటి కర్నూలు మండలములోని బేతంచెర్లకు పోవలెను. అచటి బిళ్ళసర్గము గుహలలో ప్రాచీన జంతువుల యెముకలున్నవని కర్నూలులో ఉద్యోగియగు న్యూబోల్డు 1844లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వ్రాసెను. ఆ పుటలు నలువదేండ్లు నిద్రపోయినవి. తరువాత లండను రాయల్ సొసైటీకి అధ్యక్షుడుగానున్న తామస్ హక్సలీ కర్నూలు గుహలు పరీక్షింపదగినవని మదరాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు సూచించెను. వెంటనే పని సాగినది. 1884–1885లో రాబర్టు బ్రూసు ఫూటును, సైన్యోద్యోగియగు అతని కుమారుడును ఆ గుహలను త్రవ్వించిరి. ఖడ్గమృగము మొదలు ఎన్నో జంతువుల యెముకలును, ఎముకలతో చేసిన పనిముట్లును దొరికినవి. లిడెక్కరు 1886లో ఆ జంతుజాలమును వర్ణించి ప్రకటించెను. ఇందు ఫూటుల కష్టమునకు కొఱత పెట్టవలసినది లేదు. లక్ష్మయ్య కాగితము నాలుగు మెట్లెక్కి క్రిందపడగా, హక్సలీ సూచన సముద్రము దాటివచ్చి నేరుగ త్రవ్వుగోల చేతికిచ్చెను. అంతే భేదము.

ఎవరును పంపకయే దొరకినవియు కలవు. కర్నూలు మండలములోని ఎఱ్ఱగుడి గుండ్లమీద అశోకుని శాసనములున్నవని 1929 ప్రాంతమున లోకమునకు తెలిపినవాడు రాళ్ళలో ఖనిజములు చూచుకొను భూగర్భశాస్త్రజ్ఞుడు. ప్రిన్సెపు చదివిన లిపియే అది. దారిఖర్చు గనులకు, లాభము చరిత్రకు.

ఇరువదవ శతాబ్దమున తెలుగువారు మఱొక ఉపాయము కనుగొనిరి. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, కర్నూలు బిడ్డయగు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మొదలగువారు విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిరి. మొదటి గ్రంథము హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రమే. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము మొదటి భాగమును 1910లో అచ్చు వేసినదియు ఈ మండలియే. దీనికి ఊరూర చందాదారులుండిరి. బడిపంతుళ్ళును, ప్లీడర్లును, గుమాస్తాలును తలా కొంత వేసికొన్న సొమ్ము చరిత్రరచనకు ఆధారమగుట మాకు మిక్కిలి ప్రియమైన విషయము. లక్ష్మయ్య సభకు ఇట్టి చందాదారులు కొన్నివందలమంది యున్నచో కలకత్తా అనుమతి ఎవరికి కావలెను!

కడపలో బ్రౌను బంగళా యున్న తావు పాడుపడి చాలకాలముండెను. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టువిడువక తిరిగి, విరాళములు కూర్చి, అచట బ్రౌను పేర గ్రంథాలయము వెలయించిరి. తరువాత అది యోగి వేమన విశ్వవిద్యాలయమున చేరి భాషాపరిశోధన కేంద్రమైనది. కడప మండలపు కైఫియత్తులు అచటినుండి సంపుటములుగ అచ్చుపడినవి. గుమాస్తా వ్రాసికొన్న రెండువందల యేండ్లకు ఆ మాటలు ఆ యూళ్ళకే తిరిగివచ్చినవి.

ఆ సంపుటములలో నొకటి మేము జమ్మలమడుగు చెంతనున్న ఒక పల్లెకు తీసికొనిపోయితిమి. కరణీకము చేసిన వంశములోని వృద్ధుడొకాయన చూపు తగ్గినవాడు. అరుగుమీద కూర్చుండి తమ యూరి కైఫియత్తును చదువుమనెను. గుడి, చెఱువు, పాళెగాడు అన్నిటికిని తల యూచెను. మాన్యముల పట్టీ వచ్చునప్పటికి చేయి యెత్తి ఆపించి, మరల చదివించి, వ్రేళ్ళు మడచి లెక్కించెను. పిమ్మట నవ్వి, “ఇందులో ఒక మడి తక్కువయ్యా! తూముక్రింద మడి. మావాడు భయపడి దొరకు చెప్పలేదు” అనెను. మేము ఆ మాటను సంపుటము అంచున పెన్సిలుతో వ్రాసికొని, ఆ మడి హద్దులేమని అడిగితిమి. ఆయన చెప్పసాగెను.